గేటు బయట

పెరిహాన్ టీచరు ఫోన్ చేసింది.
"మీ ఇల్గిన్ మిగతా పిల్లల్లా కాదు" అంది.
ఏం తప్పు చేసిందోనని
ముందు భయపడ్డాను.

జోంగుల్దాక్‌లో మా ఇంటికి నూట పద్నాలుగు మెట్లు.
దిగేటప్పుడు సముద్రం, ఎక్కేటప్పుడు ఆయాసం.
బొగ్గుగనిలో రాత్రి షిఫ్టు దిగొచ్చిన వాళ్ళ నాన్న
ఫారం మీద సంతకం పెట్టబోయి
రెండోసారి చేతులు కడుక్కొచ్చాడు.
అయినా కాగితం మూలన
బొటనవేలి నలుపు ఉండనే ఉంది.

పరీక్ష రోజు కారిడార్ నిండా తల్లులు.
ఒకావిడ సంచీలో మూడు గైడ్లు.
ఇంకొకావిడ కొడుక్కి ఆర్నెల్లుగా ట్యూషను.
"మీరెక్కడ చెప్పించారు?" అంటే
ఏం చెప్పను?
శెనగలు బాగుచేయమంటే
రాళ్ళనొక వరస, పుచ్చులనొక వరస పేర్చి
వరసకో పేరు పెట్టే పిల్ల అది.
"ఇంట్లోనే" అన్నాను.
ఆవిడ జాలిపడి ఓ బిస్కెట్టు ఇచ్చింది.

తలుపు మూసేముందు ఇల్గిన్ వెనక్కి చూడలేదు.
నా చేతిలో టీ గ్లాసు
తాగకుండానే చల్లారింది.

బయటికొచ్చి చెప్పింది:
"ఒక బొమ్మలో ముక్క పోయిందమ్మా.
కింద ఆరు ముక్కలిచ్చారు, ఏదీ సరిపోలేదు.
ఒకటి నొక్కితేగానీ ముందుకు పోనివ్వదు.
అందుకని తక్కువ తప్పుగా ఉన్నది నొక్కాను."
నా పెళ్ళినాడు
నేను చేసిందీ అదే అనుకుని
దారి పొడుగునా నవ్వుకున్నాను.

సీటు వచ్చింది.
మెట్టుమెట్టుకీ ఆపి అడిగారు జనం.
కిరాణా కొట్టు హిక్మెత్ చాక్లెట్టిచ్చి
డబ్బు తీసుకోనంటే తీసుకోనన్నాడు.
అసలు లెక్కలు ఆ తర్వాత మొదలు:
మంగళ, గురువారాలు, బడి వదిలాక,
కొండకి అటువైపు.
నాకు ఆస్పత్రి లాండ్రీలో ఏడింటిదాకా పని.
ఆయనకి భూమి కింద.
"నేను తీసుకెళ్తాలే" అన్నాడు తైలాన్,
పన్నెండేళ్ళవాడు,
తలెత్తకుండా బూటు లేసు ముడేసుకుంటూ.

ఓ గురువారం బాయిలర్ చెడి
మమ్మల్ని తొందరగా వదిలారు.
వెళ్ళి చూద్దును కదా,
గేటు బయట పిట్టగోడ మీద వాడు.
సన్నగా వాన.
మోకాళ్ళ మీద చెల్లెలి పోయినవారం కాగితం,
అది చేసి కొట్టేసిన లెక్క పక్కన
పెన్సిలుతో ఇంకో దారి.
దానికంటే చిన్నది.

నన్ను చూసి గబుక్కున మడిచి జేబులో దోపాడు,
సిగరెట్టుతో పట్టుబడ్డవాడిలా.
"ఊరికే, టైము గడవక."
ఎప్పట్నించిరా అంటే
"ఐదూ ఇరవై మినీబస్సు రోజూ పదకొండు నిమిషాలు లేటు,
వాన పడితే పంతొమ్మిది" అంటూ
మాట మార్చాడు.

వీడి మొదటి తరగతిలో
ఒక్క ఏడాదికి నలుగురు టీచర్లు.
పేరు నోటికి పట్టేలోపే బదిలీ.
నేను మాత్రం ఏం చూశాను?
బొగ్గు బస్తా మోస్తాడని చూశాను,
చెల్లెల్ని కొట్టడని చూశాను.

లోపలికెళ్ళి అడిగాను.
మూడో తరగతి దాటితే ఫారం ఉండదట.
కిటికీ అవతలావిడ మంచిదే.
"ఏం చెయ్యను అక్కా" అంటూ
కంప్యూటర్ నా వైపు తిప్పి మరీ చూపించింది:
వాడి వయసుకి అక్కడ గడే లేదు.

ఇల్గిన్ గెంతుకుంటూ వచ్చి
అన్న భుజాన సంచీ తగిలించింది, అలవాటుగా.
బస్సు అద్దం నిండా ఆవిరి.
"ఇవాళేం ఇచ్చారు?"
అది వేలితో గీసింది.
వాడు పక్కన గీశాడు.
"కాదు" అంది. చెరిపి మళ్ళీ చూసి
"అవును" అంది.
వెనక సీట్లో నేను
జవాబు తెలిసీ చెయ్యెత్తని పిల్లలా
ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

మా స్టాపు రాగానే
వాడు మోచేత్తో అద్దమంతా తుడిచేశాడు.
"అదేంట్రా?"
"మన తర్వాత కూర్చునేవాళ్ళకి
సముద్రం కనపడొద్దూ."