ఫోన్ నంబరుకి పైన

పర్లాకిమిడిలో నా కొట్టుకి రెండు బోర్డులు.
ఒడియా అక్షరాలు గొడుగులేసుకుని నిలబడతాయి,
తెలుగువి తలకట్లు దిద్దుకుని.
లోపల జెరాక్సు మిషను ఒకటే,
దానికి రెండు భాషలూ నలుపే.

రోజూ వచ్చేవి రెసిడెంటు సర్టిఫికెట్లు.
ఇక్కడే పుట్టామని
ఇక్కడివాళ్ళే పెట్టుకునే అర్జీలు,
ఒక్కోటి ఇరవై రూపాయలు.

ఇవాళ తవిటినాయుడు వచ్చాడు, చెప్పులు బయట విడిచి
(కంప్యూటరుకి ఆ మర్యాద ఎవరు నేర్పారో).
పదమూడేళ్ళు రైసుమిల్లుల మోటార్లు చుట్టిన చేతులు,
వార్నిషు వాసన ఇంకా వదల్లేదు.
భార్య నీలవేణి ఐర్లాండులో నర్సు, కార్క్ అనే ఊళ్ళో.
ఈయన వచ్చే నెల వెళ్తాడు.
ముందే ఉద్యోగాలకి రాసి పెట్టమందట ఆవిడ.

పేరు కొట్టాను. పని కొట్టాను.
మూడు ఫేజుల మోటారు, పది హార్స్ పవరు, ఇరవై.
కాలిన కాయిల్ని విప్పకుండా ముక్కుతోనే పట్టేస్తాడు,
దాన్ని ఇంగ్లీషులో ఎలా పెట్టాలో తెలీక
అనుభవం అని పెట్టాను.

అప్పుడడిగాడు:
"వీసా మాట ఎక్కడ రాద్దామండీ?
అసలు రాయాలేటి?
రాస్తే, పెళ్ళాం కాయితం మీదొచ్చినోడనుకుంటారు.
రాయకపోతే, ఈడికి మళ్ళీ మనం పర్మిట్టు తియ్యాలేటని
పక్కన పడేస్తారు."

వెంటనే జవాబు చెప్పలేదు.
ప్రింటర్లో కాగితాలు లేవని లేచాను.
ఉన్నాయి.

మా నాన్న మాస్టరు పోస్టుకి పెట్టినప్పుడు
మాతృభాష అన్న గడి ఖాళీగా వదిలేశాడు.
భయం కాదు, లెక్క.
గుమాస్తా తలెత్తకుండానే అడిగాడట, ఏ ఊరు మీది?
ఇదే ఊరు.
అంతకు ముందు?
అంతకు ముందూ ఇదే ఊరండీ,
గీతే అటూ ఇటూ జరిగింది.

ఆ జవాబుకి ఫారంలో చోటు లేదు.
గుమాస్తా తనకి తోచింది రాసుకున్నాడు.
ఏం రాశాడో నాన్నకి చివరిదాకా తెలీదు.
ఉద్యోగం రాలేదు. అందుకే రాలేదో, మార్కులే చాల్లేదో
అదీ తెలీదు.
ఖాళీ గడితో చిక్కు అదే,
ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా
ఖాళీగానే ఉండిపోతుంది.

ముందు చివర్న పెట్టాను,
అభిరుచుల కింద, క్రికెట్టు తర్వాత.
అక్కడ నక్కినట్టుంది.
పై ఉత్తరంలో పెట్టాను. బతిమాలినట్టుంది.
డిపెండెంట్ అని కొట్టి, చెరిపేశాను.

"ఆ మాటని తెలుగులో ఏటంటారు?"
ఆధారపడినవాడు, అన్నాను.
తెర వైపే చూస్తూ ఊరుకున్నాడు కాసేపు.
బయట ఎవరో ఫొటోల కోసం పిలిచి పిలిచి వెళ్ళిపోయారు.

"తప్పేటుంది," అన్నాడు తర్వాత.
"నా మోటార్ల డబ్బుల్తోనే నర్సింగు సదివింది.
ఇప్పుడు దాని వంతు.
మూడు ఫేజులూ ఒకేపాలి పైకి రావు కదండీ.
అలగొస్తే మోటారు తిరగదు."

పేరు కింద, ఫోన్ నంబరుకి పైన కొట్టాను:
ఐర్లాండులో పనిచేసే హక్కు ఉంది.
కంపెనీ ఏ పర్మిట్టూ తియ్యక్కర్లేదు.
ఎవరి వల్లో రాయలేదు.
అడిగితే తనే చెప్తానన్నాడు,
నీలవేణి వల్ల అని, పేరు పెట్టి.

ప్రింటు బయటికొచ్చింది.
వేలు పెట్టి ఆ లైను మాత్రం
అక్షరం అక్షరం చదువుకున్నాడు.
వెచ్చటి కాగితం ముక్కు దగ్గరికి తీసుకుని
ఒకసారి వాసన చూశాడు.
ఏమీ అనలేదు.
మడత పడకుండా పట్టుకుని
చెప్పులేసుకున్నాడు.