నీళ్ల గీతకు పైన

వంటింటి గోడ మీద ఒక గీత ఉన్నది.
రెండుసార్లు సున్నమేసినా
మళ్లా తేలుతది.
నా బొడ్డుకు జానెడు పైన.
నయీంనగర్ నాలా మా ఇంట్లకొచ్చి
ఒక రాత్రి, ఒక పగలు
చుట్టపోళ్ల లెక్క ఉండిపోయిన ఎత్తు అది.

ఇయ్యాల డబ్బాలు సర్దుతున్న.

ఇదివరకు నాకొక లెక్క ఉండేది.
దినాం చెయ్యి వొయ్యేటియి కింద,
పండుగలకు దిగేటియి పైన.
పొయ్యి పక్కకే పోపుడబ్బ,
దాని ఎనుక పసుపు, కారం, ఉప్పు జాడీ.
పై అర మీద గసాలు, షాజీర, మరాఠీ మొగ్గ.
నీళ్లకు ఆ లెక్క తెల్వదు.
పొద్దు పొద్దున అక్కరకొచ్చేటియన్నీ మునిగినయ్,
ఏడాదికోసారి ముట్టేటియి మాత్రం
పైనుంచి చూసుకుంట పొడిపొడిగ కూసున్నయ్.

నీళ్లు తీసిననాడు
ముందుగాల్ల దొరికింది ఉప్పు జాడీ.
మూత మూసినట్టే ఉన్నది,
వాసెన గుడ్డ ముడి ముడే.
ఇప్పి చూస్తే నిండ నీళ్లు, ఉప్పు గల్లు ఒక్కటి లేదు.
వేలు ముంచి నాలుకకు పెట్టబోయిన,
సారంగపాణి చెయ్యి గుంజిండు.
"తాళం పగలలే, తలుపు ఇరగలే,
దొంగ ఎట్లొచ్చిండే?" అన్నడు.
నవ్వొచ్చింది.
అప్పటిదాంక రాని ఏడుపు
ఆ నవ్వు ఎంబడే వచ్చింది.

తర్వాత ఒక్కొక్కటే ఇల్లు చేరినయ్.
మెట్‌పల్లి నుంచి మా మేనత్త
పాత చీర ముక్కల పసుపు కొమ్ములు మూటగట్టి
బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపింది.
మూట పసుపో, చీర పసుపో,
ఇప్పినంక నా చేతులు మూడు దినాలు పచ్చగనే.
ఏనుమాముల యార్డుల తొడిమెలు తీసే కనకలచ్చి
కొంగున చపాట మిరప పోసుకొచ్చింది.
రంగెక్కువ, మంట తక్కువ,
అచ్చం ఆమె తిట్ల లెక్కనే.
ఎదురింటి జైబున్నీసా
వాళ్లింట్ల మంచం కాళ్లు ఇంకా ఆరకముందే
ఇలాచీలు లెక్కవెట్టి ఇచ్చింది, పదకొండు.
"పన్నెండోది పొద్దుగాల చాయ్‌ల పడ్డది, మాఫ్ చెయ్" అన్నది.
ధనియాలు ఎవరిచ్చిన్రో తెల్వదు.
బడి కాడ పంచిన సంచుల ఉన్నయ్.
సంచి మీద బాల్‌పెన్నుతోని
"ఎవరికైనా" అని రాసి ఉన్నది.

బిడ్డకు వర్షిణి అని పేరు వెట్టినం,
వాన లేని ఏడాది పుట్టిందని.
అది చీటీలు కత్తిరించుకొని కూసున్నది.
అక్షరాల వరుసల సర్దుతదట:
ఆవాలు, ఇంగువ, ఇలాచీ, కారం, గసాలు...
బిడ్డా, పోపు మాడుతుంటే
నా చెయ్యి "అ" కాడ మొదలువెట్టి నడవదే.
ఆవాలో మెంతులో డబ్బ ఊపితే చెప్తది,
జీలకర్రకు మూత కూడ తీసే పని లేదు.
చీటీ మీద సరుకు పేరెందుకు?
ఎవరిచ్చిన్రో రాయి.

రాసింది.
ఇప్పుడు మా అర మీద
మేనత్త, కనకలచ్చి, జైబున్నీసా,
వరుసకు నిలవడ్డరు.
ధనియాల డబ్బ పేరు "ఎవరికైనా."
అన్నం కాడ సారంగపాణి
"పప్పుల మేనత్త జెరంత తక్కువైంది,
కనకలచ్చి గట్టిగనే తాకుతాంది" అంటడు.
బిడ్డ పొర పోయేదాంక నవ్వుతది.

అన్నీ గీతకు పైకే ఎక్కిచ్చిన.
మడిమెలు లేపి అందుకుంటున్న.
చెయ్యి మాత్రం ఇంకా
ముందుగాల్ల కిందికే పోతది,
ఖాళీ బండను తడిమి
సిగ్గుపడి పైకొస్తది.
బురదతోని ఎత్తిపోసిన ఆవాలు
నల్లా కాడ మొలిచినయ్, రెండు రెండు ఆకులు.
తెంపుదామని ఎవరం అనలే.

ఉప్పు జాడీ ఒక్కటి
పాత జాగలనే పెట్టిన,
గీతకు కింద.
"మళ్లొస్తే ఎట్లనే అమ్మా?" అన్నది వర్షిణి.
జరుగు బిడ్డా,
నూనె కాగింది.