పేరు ఏమీ

మా కళ్యాణదుర్గంలో మనిషిని కొత్తగా చూస్తే
"పేరేమి?" అంటారు.
ఆ పిల్ల నవ్వుతూ "ఏమీ" అనేది.
ఓపీ లైనంతా విరగబడి నవ్వేది.
శెనక్కాయలు ఒలిచే పీరమ్మ ఒక్కతే
"పేరు గూడా పెట్టలేదంటనా, పాపం" అని
నిజంగా జాలిపడింది.

మూడు వారాలకు వచ్చింది. నూట ఇరవై గంటలు.
అక్కడ డాక్టరు చదువుకు దరఖాస్తు పెట్టాలంట,
గంటలు రాసుకునే కాగితం వెంట తెచ్చుకుంది.
రోజూ సాయంత్రం నా ముందు పెట్టేది.
ముప్పై ఒక్క ఏండ్లుగా గాజుగుడ్డ మడుస్తున్నదాన్ని,
నా గంటలకు ఎవరు సంతకం పెట్టారబ్బా అనుకుంటూ
రాహేలమ్మ, స్టాఫ్ నర్సు, అని గీకేదాన్ని.

మొదటి రోజే పీరమ్మ కాలి కట్టు విప్పితే
గోడ పట్టుకుని కిందికి జారిపోయింది.
చెంబులో నీళ్లు మొహాన చల్లింది పీరమ్మే,
విప్పిన కాలు అట్లే చాపుకొని.

రెండో వారం.
గొర్రె ఒకటి సోలారు ప్లాంటు కంచెలో దూరితే
దాని వెనక దూరి, పిక్క చీల్చుకొని వచ్చినాడు మాళప్ప.
అనంతపురం నుంచి వచ్చిపోయే డాక్టరు
ఫోను చెవి నుంచి తీయకుండానే
"ఆ పాపతో కుట్టించండి, ముచ్చటపడుతోంది గదా" అన్నాడు.
సూది ఆమె చేతికి ఎప్పుడొచ్చిందో చూడలేదు.
చెయ్యి వణకడం చూశాను.
"మీ ఊర్లో కుట్టనిస్తారా నిన్ను?"
నా ఇంగ్లీషు ముక్కలు ముక్కలే, అయినా అందింది.
తల అడ్డంగా ఊపింది.
"మరి ఈ కాలు ఏ ఊరిది?"

నన్ను కాల్చింది మాత్రం మాళప్ప మాట.
"కుట్టనీలే సిస్టరూ,
యాడో ఒకసోట నేర్సుకోవల్ల గదా."
ఈ సీమ మంచితనం మీద
నాకు అప్పుడప్పుడూ ఒళ్లు మండుతుంది.
సూది లాక్కున్నాను.
ఏడు కుట్లు. టార్చి ఏమీ పట్టుకుంది.
ఐదో కుట్టుకు గాని వెలుతురు నిలబడలేదు.

ఆ రాత్రి మిద్దె మీద, కరెంటు పోయినప్పుడు, అడిగింది:
"ఇదంతా సీటుకు పనికొస్తుందా సిస్టర్?"
అబద్ధం చెప్పేంత ఇంగ్లీషు నాకు రాదు.
తెలియదన్నాను.
మా హుసేనప్ప డ్రెస్సింగు రూములో బకెట్లు మోస్తా
మూడుసార్లు నీట్ రాసినాడు,
వాని బకెట్లకు ఆ పరీక్షలో గడి లేదు.
మీ దరఖాస్తులో ఉందంటున్నావు, మంచిదే.
మా పుండ్లు అందులో ఎన్ని పడతాయి?
పక్కనే పడుకున్న హుసేనప్ప దుప్పట్లోంచి
"సిన్నవైతే రెండు పడతాయిలే" అన్నాడు.
నవ్వాలో లేదో ఆమెకు తెలియలేదు.
నాకూ తెలియలేదు.

చివరి వారమంతా పీరమ్మ పక్కనే.
కట్టు మారుస్తున్నప్పుడు పిసుక్కోవడానికి చెయ్యి ఇచ్చేది.
మిగతా పొద్దంతా ఇద్దరూ శెనక్కాయలు ఒలిచేవాళ్లు.
ఒకరి మాట ఒకరికి రాదు,
పుచ్చు గింజ దొరికితే మాత్రం
ఇద్దరూ ఒకేలా మొహం పెట్టేవాళ్లు.

పోయే రోజు కాగితం ఇస్తే
చేసిన పని అనే చోట ఖాళీగా ఉంది.
ఏం రాయాలో తోచలేదంది.
నేనే రాశాను:
చెయ్యి ఇచ్చింది.
టార్చి పట్టుకుంది.
సూది తిరిగి ఇచ్చేసింది.
లాక్కున్నానని రాయలేదు.

వానలు పోయి రెండోసారి శెనక్కాయ పీకుతున్నారు.
గురువారం కట్టుకు వస్తే
పీరమ్మ గడప దగ్గరే అడుగుతుంది,
"ఏమీ రాలేదా?"
మనిషా, జాబా, సీటు కబురా,
ఏది అడుగుతోందో నేను అడగను.
చేతికి గ్లౌజు తొడుక్కుంటూ అంటాను,
"రాలేదవ్వా.
ఏమీ రాలేదు."