తడి ఆరేదాకా

రాయి మీద నీళ్లు పోస్తాను.
ఎండ తాగేస్తుంది. బండంతా ఆరిపోయాక
ఒక్కచోట మాత్రం వెంట్రుకంత తడి ఆగిపోతుంది.
అదీ బీట.
అక్కడ ఎర్ర పెయింటుతో ‘బి’ అని రాస్తాను.
ఆ ఒక్క అక్షరంతో రాయి ధర సగానికి పడుతుంది.

చీమకుర్తిలో నా ఉద్యోగం ఇదే,
రాళ్లకి మార్కులెయ్యడం.
నా మార్కులేమో అయిదు పాయింట్ ఎనిమిది.

ఎమ్మెస్సీ జియాలజీ దరఖాస్తులో
మార్కులకి ఒక గడి, అనుభవానికి ఒక గడి.
మొదటిది నింపడానికి అర నిమిషం.
రెండో దాని దగ్గర మేనేజరు మాల్యాద్రి గారు
కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.
“నాలుగేళ్లని ఎట్టా రాసేదిరా,
మొదటి రెండేళ్లు నువ్వు రిజిస్టర్లో లేవు గదా.”

నిజమే. డిగ్రీ రెండో ఏడు నుంచీ
రాత్రి షిఫ్టులో బండల లెక్క రాసినవాణ్ణి.
కూలి చేతికే. సంతకం లేదు.
శిలాశాస్త్రం పరీక్ష రోజు
తెల్లారి ఆరింటికి క్వారీ అడుగు నుంచి పైకెక్కి,
ఒంగోలు బస్సులో నిలబడే కునికి,
రెండో ప్రశ్న సగంలో కాగితం మీదే నిద్రపోయాను.
ఇన్విజిలేటర్ లేపేసరికి నా బుగ్గకి సిరా,
జవాబు కాగితానికి రాతి దుమ్ము.

ఆ రాత్రులు మార్కుల గడిలో తరుగై కనిపిస్తాయి.
అనుభవం గడిలో కనిపించనే కనిపించవు.
ఎక్కడికి పోయాయో నాకూ తెలియదు.
దగ్గులో కొన్ని ఉన్నాయనుకుంటా.

ఇంటర్వ్యూలో ముగ్గురు.
పెద్దాయన మార్కుల జాబితా మీద పెన్ను మూత ఆనించి
“ఇక్కడేంటయ్యా, ఇలా పడిపోయావ్?” అన్నారు.
బస్సులో కట్టుకున్న జవాబొకటి ఉంది నా దగ్గర, ఇంగ్లీషులో.
అది నోటిదాకా రాలేదు.
నేను బల్లని చూస్తున్నాను.
నల్లరాయి బల్ల, మా ఊరి రాయే, బంగారు నలుసులు.
గ్లాసు తీసిన చోట గుండ్రంగా తడి,
ఆరుతోంది, ఆరుతూ ఆరుతూ
ఒక పక్కన ఆగింది.

“సార్, మీ బల్లకి బీట ఉంది.”

ఇద్దరు నవ్వారు. మూడో ఆవిడ నవ్వలేదు.
లేచొచ్చి వేలితో తడిమింది. “నాకేం తగల్లేదే.”
“తగలదు మేడం. ఇంకో ఏడాదికి తగులుద్ది.”
ఇది ఏ రాయి అంది.
“అమ్మేవాళ్లు గ్రానైటంటారు. పుస్తకం గాబ్రో అంటుంది.
మెరిసేది బ్రాంజైటు.”
“మరి ఈ పేపర్లో ముప్పై ఆరేనేం?”
“ఆ రోజు నిద్రొచ్చింది మేడం.”

ఇంతకన్నా మంచి జవాబు ఉండే ఉంటుంది.
నాకు దొరకలేదు.

జాబితా వచ్చింది. వెయిటింగులో నాలుగోవాణ్ణి.
చివరి సీటు కందుకూరమ్మాయికట, ఎనిమిది పాయింట్ ఒకటి.
ఆమె మీద నాకేం కోపం లేదు.
ఆమె మాత్రం నిద్ర కాయలేదని ఎవరన్నారు.
ఇద్దరమూ మేలుకున్నాం,
దీపాలే వేరు.

నిన్న మాల్యాద్రి గారు బీరువా అడుగు నుంచి
చెదలు కొట్టిన కూలి పుస్తకం తీసుకొచ్చారు.
వారం వారం నా పేరుంది అందులో, పెన్సిలుతో,
సగంచోట్ల ఇంటిపేరు తప్పు.
“దీన్ని ఒప్పుకుంటారంటావా వాళ్లు?” అన్నారు,
ఏదో తనే దరఖాస్తు పెట్టినట్టు.
ఆయన పెన్సిలు గీతల మీద మెల్లిగా
పెన్నుతో దిద్దబోతుంటే చెయ్యి పట్టుకున్నాను.
వద్దండీ, దిద్దితే అబద్ధంలా ఉంటుంది.

ఇవాళ కొత్త బండ పైకొచ్చింది.
నీళ్లు పోశాను. పెయింటు డబ్బా పక్కన చతికిలబడ్డాను.
తడి అంచుల నుంచి లోపలికి జరుగుతోంది.
క్రేను మీంచి బాజీ అరుస్తున్నాడు,
“ఏందిరా ఇంతసేపు, ఏ నా? బీ నా?”

“ఆగన్నా,” అన్నాను,
“ఇంకా ఆరలా.”