తిరగేసిన ప్లాను

పోస్టులో వచ్చింది ఇల్లు.
చుట్ట చుట్టి, రబ్బరు బ్యాండు వేసి,
పద్నాలుగు కాగితాలు.
దెల్ఫీన్ వాటిని నా వంటింటి బల్ల మీద పరిచి
నాలుగు మూలలా నాలుగు టీ కప్పులు పెట్టింది,
మళ్లీ ముడుచుకుపోకుండా.

ఐదొందల అరవై చదరపుటడుగులు.
"ఇల్లా, అగ్గిపెట్టా?" అన్నాను.
ఈల్ మదామ్ దీవిలో నలభై ఏళ్లుగా ఇళ్లు కడుతున్నవాణ్ణి.
"అగ్గిపెట్టెలో ఉండేది వెచ్చదనమే గదా, లియో" అంది.
ఇరవయ్యారేళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి.
వెనక సీట్లో కొట్లాటని
ముందున్న అద్దంలోంచి చూపుతోనే ఆపేది.

గీసినవాడు ఎక్కడి వాడో,
మా గాలి మొహం ఎరగడు.
తలుపు పడమటికి పెట్టాడు.
జనవరిలో ఇక్కడ పడమటి తలుపు తీస్తే
చేతిలో పిడి ఒక్కటే మిగులుతుంది.
"మార్చి గీయిస్తే ఎంతవుతుందిట?"
"నా పైకప్పు రేకులంత."

లేచి, మొదటి కాగితం తీసుకుని
కిటికీ దగ్గరికెళ్లి
బోర్లా తిప్పి అద్దానికి అదిమింది.
ఎండ కాగితంలోంచి ఇవతలికొచ్చింది.
పడమటి తలుపు తూర్పుకి నడిచిపోయింది,
గాలికి వీపు పెట్టి.
దక్షిణపు పెద్ద కిటికీలు మాత్రం
ఉన్నచోటే ఉన్నాయి, సూర్యుడి కోసం.

అంకెలన్నీ పెడమొహం పెట్టాయి.
నేను మెడ వంకర తిప్పుకుంటుంటే
ఆవిడ గడగడా చదివేస్తోంది:
జంట గోడ, మధ్యన పన్నెండంగుళాల ఖాళీ,
మూడు పొరల గాజు.
"అద్దంలో చదవడం నా ఉద్యోగం, లియో."

ఆ వేసవంతా తిరగేసిన కాగితాలతోనే కట్టాం.
గోడ ఖాళీలోకి పాత పేపర్ల పీచు ఊదాం,
ఎవరెవరి పెళ్లి కబుర్లో, చావు కబుర్లో,
ఏనాటి చేపల ధరలో,
పొడిపొడిగా, మెత్తగా, నోరు మూసుకుని.
మేకు దిగిన ప్రతిచోటా టేపు,
పిల్లాడి మోకాలికి పట్టీ వేసినట్టు.
తొమ్మిదో కాగితం ఒక్కటి తిప్పడం మరిచాను.
స్నానాలగది తలుపు అడ్డంగా తెరుచుకుని
వాష్‌బేసిన్‌ని ఢీకొంటుంది.
"పోనీలే" అంది.

అక్టోబరులో మోరాగ్ అనే అమ్మాయి వచ్చింది,
ఎర్రగుడ్డ తలుపూ, ఫ్యానూ మోసుకుని.
వాకిట్లో బిగించి
ఇంట్లోని గాలిని బయటికి లాగుతూ
చేతిలో సన్నటి పొగతో గోడలవెంట నడిచింది.
పొగ నిటారుగా నిలబడింది.
కిటికీల దగ్గర నిటారుగా. అటక మూలల్లో నిటారుగా.
వంటింటి అలమర పైకి రాగానే
వంగి, వణికి,
ఎవరో వేలితో చూపిస్తున్నట్టు
నా వైపు తిరిగింది.

అక్కడ చిటికెనవేలు పట్టే కన్నం.
నేనే పెట్టాను, ఎవరికీ చెప్పకుండా.
ఇల్లన్నాక ఊపిరి పీల్చాలనేవాడు మా నాన్న.
ఊపిరాడని ఇల్లు కట్టి పాపం మూటకట్టుకోవడమెందుకని
ఆఖరి రోజున డ్రిల్లుతో ఒక్క పోటు.
దెల్ఫీన్ ఏమీ అనలేదు.
చూసింది, అంతే.
ఆ చూపు అద్దంలోంచి వచ్చే చూపని
ఆ దీవిలో పెరిగిన పిల్లలందరికీ తెలుసు.
నిచ్చెనెక్కి, కూరి, టేపు వేసి దిగాను.
గాలి తెచ్చి పంచే పెట్టె ఆ గోడకే ఉంది,
నా కన్నం పక్కనే, జానెడు దూరంలో.

ఫిబ్రవరి తుపానుకి కరెంటు పోయింది, మూడు రాత్రులు.
పది గదుల నా ఇంట్లో
రెండోనాటికే బకెట్లో నీళ్లు గడ్డకట్టాయి.
దుప్పటి చంకన పెట్టుకుని
తూర్పు తలుపు తట్టాను.
లోపల పొయ్యి లేదు, మంట లేదు.
ఆవిడ స్వెట్టరు విప్పి కుర్చీకి తగిలించి ఉంది.
"రా, రా. నీ ఒంటి వేడి కూడా లెక్కలో ఉంది,
పదకొండో కాగితం చూడు.
మనిషంటే ఒక బల్బు."

అర్ధరాత్రి చీకట్లో తడుముకుంటూ లేచాను.
ఠంగున మోగింది వాష్‌బేసిన్.
పక్కగదిలోంచి, నిద్ర గొంతుతో:
"తొమ్మిదోది, లియో."