నాలుగు పారల ఇసుక

తుఫాను వెళ్ళిపోయిన మూడు నెలలకి
ఏరు మళ్ళీ తన ఒంటిరంగుకి వచ్చింది.
రోడ్డు పని మాత్రం ఇంకా మా నెత్తినే ఉంది.
పదకొండో కిలోమీటరు దగ్గర జారిన కొండని ఎత్తిపోస్తే
పన్నెండు దగ్గర మళ్ళీ జారింది.
బుల్‌డోజరు మీద కూర్చుని కూర్చుని
నా నడుం తుప్పుపట్టిన మడతబందు.

ఆదివారం, తెల్లవారకముందే,
పునీ అత్తని వెనక కూర్చోబెట్టుకుని
స్కూటర్ తీశాను.
కాళ్ళ దగ్గర పార, తువ్వాళ్ళు, చిలగడదుంపలు,
వలసంచిలో ఆరు గుడ్లు.
బండి పోలేని చోట దిగి నడిచాం.
"మెల్లగా పదరా," అంది అత్త,
"నీళ్ళెక్కడికీ పోవు."

పోయాయి.

నిరుడు మేం తవ్విన గుంట ఉన్నచోట
ఇప్పుడు ఏరే ఉంది,
నడుంలోతు, ఎముకలు కొరికే చలి.
ఉమాస్ తాత రాళ్ళు పేర్చి కట్టిన గట్టు,
గుడ్లు ఉడికే బొరియ,
పిల్లలు వెనక్కి వాలే నున్నటి బండ
ఏమీ లేవు. తుడిచేసిన పలక.

మాకిది కొత్త కాదు.
ఏటా వానలకి ఊట ఇల్లు మారుస్తుంది,
అద్దె బాకీపడ్డ మనిషిలా,
చెప్పాపెట్టకుండా.
ఏటా అత్తే దాని కొత్త చిరునామా పట్టుకునేది.
చెప్పులు విడిచి ఇసుకలో నాలుగడుగులు వేసి
ఠక్కున ఆగేది: "ఇక్కడ తవ్వు."

ఈసారీ చెప్పులు విడిచింది.
ఏటి వంపు దాకా పోయి వచ్చింది.
మళ్ళీ పోయింది.
ఈలోగా మరో ముగ్గురు చేరారు:
చేపలు పట్టే లావుంగ్, చంకలో పిల్లతో అబూస్,
తైపేయి నుంచి రెండు బస్సులు మారి వచ్చిన
ఎవరో ముసలాయన, బొటనవేలికి కట్టుతో.
రాళ్ళ సందుల్లోంచి ఆవిరి లేస్తోంది.
అందరికీ కనిపిస్తోంది.
అత్త దాని మీదే నించుని
"ఇక్కడేం లేదురా," అంటోంది.

ఆమె మడమలు కందిపోయి ఉన్నాయి.
చక్కెర జబ్బు ముందు వేళ్ళని మొద్దుబార్చింది,
తర్వాత అరికాళ్ళని.
క్లినిక్‌లో నర్సు గుండుసూదితో గుచ్చి
"తెలుస్తోందా?" అంటే
తెలుస్తోందని చెప్పి వచ్చిందట, ఆరు నెలల కిందట.

అబూస్ పిల్లని నా చేతికిచ్చి
అత్త మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.
అత్త కిందికి చూసింది. కాళ్ళని కాదు, ఆవిరిని.
కాసేపు ఏటి చప్పుడొక్కటే.
తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, వంగి,
చెంప ఇసుకకి ఆనించింది,
గోడకవతలి మాట వింటున్నట్టు.
"రెండు మూరలు అటు జరుగు. ఇక్కడ మరీ మరుగుతోంది.
అటైతే ఏటినీళ్ళు కలుస్తాయి."

తవ్వాం. పార ఒకటి, చేతులు తొమ్మిది,
పదోది పిల్లకింద.
ముసలాయన అన్నండబ్బా మూతతో ఇసుక తోడాడు.
ముందు బురద, తర్వాత తుప్పురంగు నీళ్ళు,
తర్వాత ఆ మురిగిన గుడ్డు వాసన.
లావుంగ్ ఈల వేశాడు.
ఏటివైపు రాయి తీస్తే చల్లన, పెడితే వెచ్చన,
మా కుళాయి అదే.

"డబ్బెవరికివ్వాలి?" ముసలాయన పర్సు తడుముకున్నాడు.
ఆయనకి మా బునున్ మాట రాదు.
అత్త అన్నది లావుంగ్ చెప్పాడు:
"పోయేముందు నాలుగు పారలు ఇసుక తీసి పో.
వెనకొచ్చేవాళ్ళకి లోతుండాలి."

మెడదాకా మునిగాం.
తలల మీద డిసెంబరు, కింద భూమి పొయ్యి.
నడుంలో ఎక్కడో ఒక్క మర సడలింది.
అత్త మాత్రం గట్టు మీదే,
గుడ్ల సంచి తాడు వేలికి చుట్టుకుని,
కాళ్ళు ఏటిలో పెట్టుకుని.
"చల్లగా ఉందా అత్తా?"
అడక్కూడదని అడిగాక తట్టింది.
ఆమె ఏటివంకే చూస్తూ
"పారుతోంది," అంది. "అదొక్కటి తెలుస్తోంది."

గుడ్లు పైకి లాగేవేళకి
అబూస్ పిల్ల నీళ్ళలోంచి లేచి
మొన్నమొన్న నేర్చిన నడకతో ఇసుకలో పడింది.
ఒకచోట ఠక్కున ఆగి, కాలు వెనక్కి తీసుకుని,
ఏడవాలో నవ్వాలో తేలక
అత్త మొహంలోకి చూసింది.

అత్త గుడ్డు వలవడం ఆపింది.