ఐసు సంచి

వరంగల్ పెద్దదవఖాన, పదకొండో మంచం.
కుర్సం జంపన్న, తొమ్మిదేండ్లు,
ఏటూరునాగారం అవతలి గూడెం.
మోకాలు పట్టుకొని ఏడ్వడు,
గోడ దిక్కు తిరిగి దుప్పటంచు కొరుకుతడు.

వాపు గదా అని
ఐసు సంచి తెచ్చి పెట్టబోయిన.
ఫిలోమినా సిస్టర్ నా మణికట్టు పట్టుకున్నది.
"సలికే గదా పిల్లా, ఆ కణాలు వంగేది."
ఇంకేం అనలే. ఉడుకునీళ్ల సంచి తెచ్చింది.

రికార్డుల నేను బొమ్మ గీసిన,
ఎర్రపెన్సిలుతోని, కొడవలి లెక్క;
పదికి తొమ్మిది మార్కులు.
నూటిరవై దినాలు బతికే కణం
ఇరవైకే రాలుతదని,
రాలినవి ఏరి ఏరి ప్లీహం ఎండిపోతే
ఒళ్లు కావలి లేని మంచె అని,
ఏ జ్వరమైనా చేన్ల పడ్తదని
అదీ రాసిన.

వాళ్లమ్మ అడిగింది:
"వరి కోసే కొడవలి నా చేతిల ఉంటది బిడ్డా,
వాని నెత్తుట్లకు ఎట్లొచ్చె?"
సగం నీది, సగం వాళ్ల నాయినది.
జవాబు సిలబస్‌ల ఉన్నది,
నోట్లెకు రాలే.

తెల్లారేదాక నాలుగుసార్లు
సంచిల నీళ్లు మార్చిన.
ఐదోసారి వాడు ఇటు తిరిగి
"నీ చేతులే సల్లగున్నయ్ అక్కా" అన్నడు,
సంచి మీద కొంచెం జాగ ఇచ్చి.